లీటరుకు ఒక గుడ్డు
యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం

యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఎత్తితే ఎక్కువమందికి గుర్తొచ్చేవి ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో అమెరికా వెళ్లి, 1948లో న్యూయార్క్‌లోనే కన్నుమూసిన ఆ శాస్త్రవేత్త లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనను నడిపిన కాలంలో, 1947లో, ఇంకో మందు కూడా బయటికి వచ్చింది. రసాయన నామం డైఇథైల్‌కార్బమజైన్, అమ్మిన పేరు హెట్రజాన్. మన పల్లెల్లో బోదకాలు మాత్ర అంటే అదే. తెలుగువాడి చేతి చలవ తెలుగు పల్లెలకు తిరిగి వచ్చిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ ఆ కథలో మనం దాటేసే భాగం ఒకటుంది. ఆ మాత్ర రక్తంలో తిరిగే పిల్లపురుగుల్ని చంపుతుంది. వాచిపోయిన కాలును మామూలు కాలు చెయ్యదు. పురుగును ఒకరి నుంచి ఒకరికి మోసే క్యూలెక్స్ దోమను అసలే ముట్టుకోదు. ఆ దోమ పెరిగేది నిలిచిన మురుగులో. 1955లో దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2004 నుంచి వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఊరందరిచేతా మాత్రలు మింగిస్తున్నారు. మందు పుట్టి డెబ్బై అయిదేళ్లు దాటాక కూడా తెలంగాణలో బోదకాలు బాధితులకు పింఛను ఇవ్వాల్సి వస్తోంది. మందు తాను చేయగలిగింది చేసింది. మిగిలిపోయింది మురుగుకాల్వ పని. సుబ్బారావుగారి పేరు మీద జరిగే సభలో ఆ మిగిలిపోయిన పని గురించి మాట్లాడటం ఆయనకు అపచారం కాదనుకుంటాను.

నా వాదన క్లుప్తంగా ఇది. హైదరాబాద్ దిగువన మూసీ నీటి మీద బతికే చిన్నకమతాల కుటుంబాల్లో కనిపించే పురుగుల జబ్బులను ఆ కుటుంబాల అలవాట్ల ఖాతాలో రాయడం తప్పు. అవి ఎగువ నగరం కిందికి పంపే నీటి ఖాతాలో రాయవలసినవి. ఆ ఖాతా ఇప్పటిదాకా తెరుచుకోలేదు, ఎందుకంటే ఆ నీటిలో రైతుకు ముఖ్యంగా హాని చేసేదేదో దాన్ని మనం లెక్కపెట్టడం లేదు. మాదాపూర్‌లో కూర్చుని ఈ మాట అనడానికి కారణం ఉంది. 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచేనాటికి ఈ చుట్టుపక్కల ఉన్నవి రాళ్లగుట్టలు, చెరువులు, వాటి కింద కొద్దిపాటి సాగు. ఇప్పుడు రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట మీదుగా ఎదిగిన ఈ ఐటీ కారిడార్ కృష్ణ, మంజీర, గోదావరి నీళ్లను పైపుల్లో తెచ్చుకుంటుంది. వాడిన నీరు చెరువుల గొలుసులు, నాలాలు పట్టుకుని చాలావరకు మూసీలోనే కలుస్తుంది. 2021 ప్రాంతంలో జలమండలి చెప్పిన లెక్కల ప్రకారం నగరంలో రోజుకు సుమారు 165 కోట్ల లీటర్ల మురుగునీరు పుడుతుంటే, శుద్ధి అయ్యేది సుమారు 77 కోట్ల లీటర్లు, అంటే సగానికంటే తక్కువ. అనంతగిరి కొండల్లో పుట్టిన వానాకాలపు వాగు పీర్జాదిగూడ దగ్గరికి వచ్చేసరికి ఏడాది పొడవునా పారే జీవనది అయింది. ఆ జీవం మన స్నానాలగదులది, మరుగుదొడ్లది.

ఈ నీటిని ఎవరూ ఖాళీగా పోనివ్వలేదు. నగరం అంచున పారాగడ్డి మడులు, ఆ గడ్డి కోసి మోపులు కట్టి పాడిగేదెలవాళ్లకు అమ్మే కుటుంబాలు, మధ్యమధ్య ఆకుకూరలు, ఇంకా కిందికి పోతే కత్వలు, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు, ఆ కత్వల నుంచి చీలే పిల్లాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డి కాల్వలు, వాటి కింద వరి. తెలంగాణలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఒక హెక్టారు. అంత చిన్న చెక్క మీద కరెంటు ఖర్చు లేకుండా, ఎరువు కలిసి, ఎండాకాలంలో కూడా ఆగకుండా వచ్చే నీరు ఎంత విలువైనదో రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ నీటిలో ఇంకా ఏముందో 2008లో ఎన్సింక్, బ్లూమెంథాల్, బ్రూకర్ అనే పరిశోధకులు అమెరికన్ ఉష్ణమండల వైద్య పత్రికలో ప్రచురించారు. మూసీ వెంట వేర్వేరు నాణ్యతల నీటితో సాగుచేసే కుటుంబాల మలపరీక్షలు చేసి పోల్చిన అధ్యయనం అది. మెరుగైన నీరు వాడేవారితో పోలిస్తే శుద్ధి కాని మురుగు వాడే కుటుంబాల్లో కొంకిపురుగుకు అవకాశం మూడున్నర రెట్లు. ఏలికపాములకు, కొరడాపురుగుకు అయిదు రెట్లకు పైన. ఆ పరిశోధకులే కత్వల మీదుగా నది వెంట నీటిని పరీక్షించి, నగరం నుంచి సుమారు నలభై కిలోమీటర్లు పోయేసరికి పురుగుగుడ్లు దాదాపు పూర్తిగా తగ్గిపోతున్నాయని కూడా చూపించారు. నీటిలో గుడ్లు ఎక్కువున్న చోట మనుషుల కడుపుల్లో పురుగులు ఎక్కువ. గుడ్లు తగ్గిన చోట పురుగులు తక్కువ. నదే ప్రయోగశాలగా మారి ఇచ్చిన సాక్ష్యమది.

ఈ పురుగులు సాధారణంగా ప్రాణం తీసేవి కావు కాబట్టి పత్రికల మొదటి పేజీకి ఎక్కవు. కొంకిపురుగు పేగుగోడను కరిచి పట్టుకుని రోజూ కొద్దికొద్దిగా రక్తం పీలుస్తుంది. పది పురుగులున్న మనిషికి తెలియకపోవచ్చు. వందలున్న మనిషి నాట్లేసే రోజు మధ్యాహ్నానికే కూలబడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత 57.6 శాతం. అదంతా పురుగుల పుణ్యమే అని నేను అనను. తిండిలో ఇనుము చాలకపోవడం, వెంటవెంట కాన్పులు, నెలసరి, అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఇనుము మాత్ర ఇస్తూ, రక్తం కారే రంధ్రాన్ని అలాగే వదిలేయడం అడుగున చిల్లున్న కుండలో నీళ్లు పొయ్యడమే. రోజుకూలి మీద నడిచే ఇంట్లో ఈ నీరసం ఆసుపత్రి బిల్లుగా కనిపించదు. తక్కువ కోసిన గడ్డిమోపుగా, ఆగిపోయిన పనిదినంగా కనిపిస్తుంది. దాన్ని ఏ శాఖా నమోదు చెయ్యదు.

ఇక అభ్యంతరాల దగ్గరికి వస్తాను. మొదటిది అందరి నోటా వచ్చేదే: చెప్పులు వేసుకోరు, చేతులు కడుక్కోరు, వాళ్ల అశుభ్రతకు ఊరంతా ఏం చేస్తుంది? కొంకిపురుగు పిల్ల తడినేలలో ఉండి కాలివేళ్ల సందుల్లోంచి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది కాబట్టి చెప్పులు కాపాడతాయన్నది నిజమే. అయితే దమ్ము చేసిన మడిలో చెప్పులతో నడిచినవాళ్లెవరు? బురద చెప్పును లాగేసుకుంటుంది. రబ్బరు బూట్లు మోకాలిదాకా వేసుకుని ఎండలో వంగి గడ్డి కోయమని చెప్పేవాళ్లు ఒక గంట కోసి చూపిస్తే బాగుంటుంది. చేతులు కడుక్కోవడానికి పొలం గట్టున ఉన్నది కూడా అదే కాల్వ. నీటిలోనే గుడ్లుంటే ఆ నీటితో కడిగిన చేతికి శుభ్రత ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా ఆడకూలీలకు ఊళ్లో ఇంటి దగ్గర మరుగుదొడ్డి ఉన్నా పొలంలో ఉండదు. 2014 తర్వాత కట్టిన జంటగుంతల మరుగుదొడ్లు మంచి ఆలోచనే. నిండిన గుంతను మూసి ఏడాదికి పైగా ఆగితే గుడ్లు చాలావరకు చచ్చి, ఎరువు మిగులుతుంది. పల్లె తన మలాన్ని ఏడాదిపాటు గుంతలో దాచిపెట్టి జాగ్రత్తపడుతున్నప్పుడు నగరం తన మలాన్ని అదే రోజు కాల్వలోకి వదిలి, శుభ్రత పాఠం మాత్రం పల్లెకు చెబుతోంది.

రెండో అభ్యంతరం కొంచెం బరువైనది: ఆల్బెండజోల్ మాత్ర చవక, అందరికీ వేస్తే సరిపోదా? 2015 నుంచి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం జరుగుతోంది. ఒకటి నుంచి పందొమ్మిదేళ్ల లోపు పిల్లలకు బడుల్లో, అంగన్‌వాడీల్లో మాత్ర ఇస్తారు. ఇది మంచి కార్యక్రమం, ఆపమని ఎవరూ అనకూడదు. అయితే మురుగుమడిలో రోజంతా నిలబడేది ముప్ఫై అయిదేళ్ల తల్లి. మాత్ర వచ్చేది ఆమె కూతురికి. ఇద్దరికీ ఇచ్చినా ఏమవుతుందో లెక్కలున్నాయి. 2008లో కీసర్, ఉట్‌జింగర్ ప్రపంచమంతటి ప్రయోగాలను కలిపి చూస్తే, ఒక్క మోతాదు ఆల్బెండజోల్‌తో ఏలికపాములు నయమైనవారు 88 శాతం, కొంకిపురుగు 72, కొరడాపురుగు 28 మాత్రమే. 2012లో వచ్చిన ఇంకో సమీక్ష ప్రకారం మాత్ర వేసిన ఏడాది తిరిగేసరికి ఏలికపాములు వెనకటి స్థాయిలో 94 శాతానికి, కొంకిపురుగు 57 శాతానికి తిరిగి చేరాయి. ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు తడిమట్టిలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు బతుకుతాయి. ఏడాదికి ఒకటి రెండు మాత్రలతో రోజువారీ సరఫరాను గెలవలేం.

దక్షిణ కొరియాను దీనికి ఎదురు ఉదాహరణగా చూపేవాళ్లున్నారు. అక్కడ 1966లో పరాన్నజీవుల నివారణకు చట్టం చేశారు, బడిపిల్లలందరికీ ఏటా రెండుసార్లు మలపరీక్ష చేసి మందు ఇచ్చారు. 1971లో దేశవ్యాప్త సర్వేలో 84.3 శాతం మందిలో పురుగుగుడ్లు కనిపిస్తే 1992కు అది 3.8కి దిగింది. మందు గెలిచిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ ఇరవై ఏళ్లలోనే కొరియా రైతులు పచ్చి మలాన్ని ఎరువుగా చల్లడం మానేశారు, రసాయన ఎరువులు వచ్చాయి, పట్టణాల్లో మురుగుకాల్వలు వచ్చాయి అన్నది కూడా ఆ కథలో భాగమే. ఉన్న పురుగుల్ని మందు తీసేసింది, కొత్తవి రాకుండా మిగతావి ఆపాయి. దగ్గరలోనే ఇంకా తేటైన ఉదాహరణ ఉంది. నారికురుపుకు మందు లేదు, టీకా లేదు. దిగుడుబావుల్లో కాళ్లు పెట్టి నీళ్లు ముంచే చోట ఆ పురుగు బతికేది. బావులు మూసి, చేతిపంపులు వేసి, నీళ్లు గుడ్డతో వడగట్టుకునేలా చేసి మనదేశం దాన్ని పూర్తిగా వదిలించుకుంది. చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లో; 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. సుబ్బారావుగారి మందు ఉన్న బోదకాలు ఇంకా పోలేదు, ఏ మందూ లేని నారికురుపు పోయింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాక కూడా పొలం పురుగులకు మాత్ర ఒక్కటే చాలంటే నేను ఒప్పుకోలేను.

మూడో అభ్యంతరం ప్రభుత్వ పక్షం నుంచి వస్తుంది, దానికే ఎక్కువసేపు జవాబు చెప్పాలి. శుద్ధికేంద్రాలు కడుతున్నాం కదా అంటారు. నిజమే. 2021లో 3,866 కోట్ల రూపాయలతో రోజుకు సుమారు 126 కోట్ల లీటర్ల సామర్థ్యమున్న 31 కొత్త కేంద్రాలను మంజూరు చేశారు. ఈ కారిడార్ పరిధిలో దుర్గం చెరువు, ఖాజాగూడ, కోకాపేట వాటిలో ఉన్నాయి. ఇంత పెద్ద ఖర్చు మురుగు మీద పెట్టడం హైదరాబాద్ చరిత్రలో గొప్ప విషయమే. కానీ ఈ కేంద్రాలు పాసయ్యాయో లేదో చెప్పే పరీక్షలో ఏముంది? కేంద్ర పర్యావరణ శాఖ 2017లో ఇచ్చిన ప్రమాణాల్లో ఆమ్లత, బీఓడీ, తేలే మలినాలు, మలకోలిఫాం బ్యాక్టీరియా ఉన్నాయి. పురుగుగుడ్లు లేవు. బ్యాక్టీరియా పోతే గుడ్లూ పోతాయి కదా అనుకుంటే పొరపాటు. క్లోరిన్ పడితే కోలిఫాం చచ్చిపోతుంది. మందమైన పెంకు ఉన్న ఏలికపాము గుడ్డుకు మామూలు మోతాదు క్లోరిన్ ఏమీ చెయ్యదు. గుడ్డు పోవాలంటే నీరు చాలినంతసేపు నిలిచి అది అడుగుకు దిగాలి, లేదా వడపోతలో చిక్కాలి. కాబట్టి ఒక కేంద్రం కోలిఫాం పరీక్షలో ప్రథమశ్రేణిలో పాసై, రైతు పరీక్షలో తప్పవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989 నుంచీ సాగునీటికి చెబుతున్న కొలత లీటరుకు ఒక గుడ్డుకు మించకూడదన్నది. పిల్లలు తిరిగే పొలాలకు 2006లో దాన్ని లీటరుకు 0.1కి, అంటే పది లీటర్లకు ఒక గుడ్డుకు బిగించింది. మనం ఆ కొలతను తిరస్కరించలేదు. తిరస్కరించి ఉంటే వాదించుకోవచ్చు. అసలు ప్రశ్నపత్రంలోనే పెట్టలేదు.

అదీగాక నీటినుంచి దిగిన గుడ్డు మాయం కాదు, బురదలో ఉంటుంది. శుద్ధికేంద్రం ఎంత బాగా పనిచేస్తే దాని బురదలో అంత ఎక్కువ గుడ్లు. ఈ బురద బలమైన ఎరువు. చిన్నరైతుకు చవకగానో ఉచితంగానో దొరికితే కాదనడు. బాగా కుప్ప వేసి 55 డిగ్రీల పైకి వేడెక్కనిస్తే, లేదా ఏడాదికి మించి ఎండబెడితే గుడ్లు చస్తాయి. నాలుగు రోజులు ఆరబెట్టి ట్రాక్టరు ఎక్కిస్తే చావవు. ఐటీ కారిడార్‌లో ఒక్కో గేటెడ్ కమ్యూనిటీకి సొంత శుద్ధికేంద్రం ఉంది. మొక్కలకు పోసే శుద్ధినీటి గురించి సంఘ సమావేశాల్లో వాదనలు జరుగుతాయి. బురద లారీ ఎక్కి గేటు దాటాక ఎక్కడికి పోయిందన్న వాదన మాత్రం జరగదు.

నది తన్ను తాను శుభ్రం చేసుకుంటుందని ఎన్సింక్ బృందమే తేల్చింది కదా, మరి ఇంత గోల ఎందుకని ఎవరైనా తెలివిగా అడగవచ్చు. నిజమే, కత్వల వెనక నీరు నిలిచి గుడ్లు దిగిపోతాయి. అలా దిగడానికి నలభై కిలోమీటర్లు పడుతున్నాయి. ఆ నలభై కిలోమీటర్లలో ఊళ్లున్నాయి. దిగిన గుడ్లు కత్వ పూడికలో, కాల్వ పూడికలో ఉంటాయి. ఆ పూడిక తీసేది మళ్లీ ఆ ఊళ్లవాళ్లే. కుటుంబాల కడుపుల్ని వడపోతగా వాడుకునే శుద్ధిపద్ధతిని చవక అనడం లెక్కల్లో మోసం. అలాగని మురుగునీటి సాగును నిషేధించమనే వర్గంతోనూ నేను లేను. నిషేధం కాగితం మీద ఒక రోజులో అవుతుంది. నీరు మాత్రం పారుతూనే ఉంటుంది, దాన్ని రాత్రిపూట మోటరు పెట్టి తోడుకుంటారు, అప్పుడు పరీక్ష చేసే నాథుడూ ఉండడు. రసాయన పరిశ్రమల వ్యర్థాల సంగతి వేరు, అక్కడ నా జవాబు కూడా వేరుగా ఉంటుంది. మనుషుల మురుగు విషయంలో నీటిని బాగుచెయ్యడమే తప్ప రైతును తరిమెయ్యడం పరిష్కారం కాదు.

అన్ని పురుగులకూ నగరమే కారణమా అంటే కాదు. గొర్రె, కుక్క, మనిషి మధ్య తిరిగే హైడాటిడ్ తిత్తుల జబ్బుకు మూసీతో సంబంధం లేదు. 2019 పశుగణనలో 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటిది. 2017లో మొదలైన పథకంలో గొల్లకురుమ కుటుంబాలకు 75 శాతం రాయితీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. నట్టల నివారణ మందు కూడా గొర్రెలకు తాగిస్తారు. అయితే ఆ తిత్తులకు మూలమైన బద్దెపురుగు ఉండేది మందను కాచే కుక్క పేగుల్లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో ఈ జబ్బు ఎక్కువని వైద్యగ్రంథాలు ఎప్పటినుంచో చెబుతున్నా, కుక్కకు మాత్ర ఏ శాఖ బడ్జెట్‌లో పెట్టాలో తేలలేదు. గొర్రె పశుసంవర్థక శాఖది, కాలేయంలో తిత్తి ఆరోగ్యశాఖది, కుక్క ఎవరిదీ కాదు. మూసీ గుడ్డుదీ ఇదే గతి. నీరు జలమండలిది, కాల్వ నీటిపారుదల శాఖది, రైతు వ్యవసాయశాఖ మనిషి, రక్తహీనత ఆరోగ్యకేంద్రం సమస్య.

చివరి అభ్యంతరం ఈ హాల్లో ఎవరూ పైకి అనకపోయినా మనసులో ఉండేదే: ఇది ఊళ్ల సమస్య, ఇరవయ్యో అంతస్తుకు ఎక్కదు. న్యూయార్క్‌లో కూడా అలాగే అనుకున్నారు. మతనియమంగా పందిమాంసం ముట్టని యూదు కుటుంబాల్లో నలుగురికి మెదడులో పంది బద్దెపురుగు తిత్తులు బయటపడ్డాయని 1992లో ఒక అమెరికా వైద్యపత్రిక రాసింది. వాళ్ల ఇళ్లలో పనిచేయడానికి లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్ల కడుపులో ఉన్న పురుగు గుడ్లే దారి అయి ఉంటాయని తేల్చారు. మాంసం తిన్నవాడికి వచ్చేది పేగులో పురుగు. ఆ మనిషి మలంలో గుడ్లు ఎలాగో నోట్లోకి పోయినవాడికి వచ్చేది మెదడులో తిత్తి, దాంతో మూర్ఛ. శుద్ధ శాకాహారికైనా రావచ్చు. గచ్చిబౌలి మార్కెట్‌లో కొన్న పాలకూర కట్ట వల్ల ఫలానావారికి జబ్బు వచ్చిందని చెప్పే ఆధారం నా దగ్గర లేదు, భయపెట్టి ఒప్పించడం నాకు ఇష్టమూ కాదు. సేంద్రియ ముద్ర ఉన్న కట్టకూ ఈ విషయంలో హామీ లేదని, దాన్ని తడిపిన నీటిని ఎవరూ గుడ్ల కోసం పరీక్షించలేదని మాత్రం చెప్పగలను.

పరీక్షించడం పెద్ద పనేమీ కాదు. నీరు పట్టి, నిలబెట్టి, అడుగు తేర్చి, ఉప్పుద్రావణంలో తేల్చి, సూక్ష్మదర్శిని కింద గుడ్లు లెక్కపెట్టాలి. ఇలాంటి పని ఈ నగరానికి కొత్త కాదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది బేగంపేటలోనే. ఆయన పేరుమీద ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద పరాన్నజీవి శాస్త్ర సంస్థ అక్కడే ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అడగవలసింది మూడు. ప్రతి శుద్ధికేంద్రం బయటికి వదిలే నీటిలోనూ, పీర్జాదిగూడ నుంచి కిందికి ప్రతి కత్వ దగ్గరా లీటరుకు గుడ్లెన్నో నెలనెలా కొలిచి, కోలిఫాం అంకె పక్కనే ప్రచురించాలి. బురద ఏ పొలానికి వెళ్లిందో, ఎన్నాళ్లు ఎంత వేడిలో ఉంచాక వెళ్లిందో రాసిపెట్టకుండా లారీ కదలకూడదు. కొలత ఒకటి దాటిన కాల్వల కింద ఉన్న ఊళ్లలో, అది దిగేదాకా, పెద్దవాళ్లకు కూడా ఆల్బెండజోల్ ఇవ్వాలి, ఆ ఖర్చు నగరం నీటిబిల్లులోంచి రావాలి. మూడోది వినగానే గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ల సంఘాలు అభ్యంతరం చెబుతాయని తెలుసు. చెప్పనివ్వండి, బిల్లులో ఆ పద్దు కనిపించినప్పుడే గుడ్ల లెక్క ఎంతకు దిగిందని అడిగేవాళ్లు మొదటిసారిగా నగరంలో తయారవుతారు.